వాలుగ కడుపు చూసిన చెయ్యి

గౌతమీ గోదావరి ముక్తేశ్వరం రేవును ఒరుసుకుంటూ సముద్రుణ్ణి చేరడం మొదలుపెట్టి ఎన్ని యుగాలైందో లెక్క చెప్పగలవారు లేకపోయినా, ఆ నీటిలో తరతరాలుగా వర్ధిల్లిన వాలుగ చేప కనుమరుగవుతూ వచ్చిన కాలమంతా ఒక్క మనిషి జీవితంలో ఇమిడిపోయిందనీ, ఆ మనిషి ఎనభై ఆరు వరదనాడు ఏడో నెల కడుపుతో కాలవగట్టు మీద రెండు రోజులు అన్నం లేక కూర్చున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల అనీ, నేడు యాభై ఆరేళ్ళు నిండి, చూపుడువేలి మీద కత్తిపీట గాటు తెల్లని గీతగా మిగిలిన ఇల్లాలనీ, పేరు సీతారత్నమనీ తెలిసినప్పుడు, కాలాన్ని కొలవడానికి కల్పాలూ మన్వంతరాలే కానక్కరలేదు, చేపలు కోసే ఒక చెయ్యి కూడా చాలుననిపిస్తుంది.

సీతారత్నం పుట్టింది గోదావరి నడుమ ఒక లంకలో. తండ్రి ఏట్లో వలలు కట్టి బతికిన మనిషి. పదిహేడేళ్ళకే లోవరాజు చెయ్యి పట్టుకుని ముక్తేశ్వరం దగ్గరి కాలవగట్టు పేటకు కాపురానికి వచ్చింది. లోవరాజు చేప పట్టేవాడు, అత్తగారు అమ్మేది, కోడలు కోసేది. అత్తగారు పోయాక అమ్మకం, కోత రెండూ సీతారత్నం పాలయ్యాయి. ముప్పై ఏళ్ళపాటు కొత్తపేట చేపల బజారులో ఆమె కూర్చున్న చోటు మారలేదు.

అక్కడ ఆమెకు ఒక పేరుండేది. చేప కడుపులోని గుడ్ల తిత్తిని ఆ సీమలో జన అంటారు. జన ఉన్న చేపకు గిరాకీ ఎక్కువ. కొనేవాడు కడుపు కోయించి చూశాక గానీ నమ్మడు, కోశాక లేకపోతే తగాదా పెట్టుకుంటాడు. సీతారత్నం ముందు మాత్రం ఆ తగాదా ఉండేది కాదు.

"జన ఉందా అత్తా?"

ఆమె చేపను ఎడమచేతి మీద వెల్లకిలా పరుచుకుని, కుడిచేతి నాలుగు వేళ్ళూ తోక వైపు నుంచి తల వైపుకు ఒక్కసారి నడిపేది. "ఉంది బాబూ. ఎడంపక్క నిండుగా ఉంది, కుడిపక్క కొంచెం తక్కువ. తేడా వస్తే చేప ఊరికే పట్టుకెళ్ళిపో."

ఊరికే పట్టుకెళ్ళిన వారెవరూ లేరు.

అందరికీ ఇష్టమైన జన వాలుగది. పొలుసు లేని ఒళ్ళు, చెవుల దాకా చీలిన నోరు, మనిషి నడుము దాటే పొడుగు. చిన్నచేపలను మింగి బతికే ఈ నదీజలాల దొర తొలకరి తరువాత కడుపు నింపుకుని లంకల మధ్య పల్లపు నీటికి ఎక్కేది. ఎక్కేటప్పుడే వలలో పడేది. సీతారత్నం పెళ్ళైన కొత్తలో ఒక్కో పొద్దు పది వాలుగలు వచ్చేవి. కూతురు భవాని పెళ్ళి నాటికి వారానికొకటి. ఆ తరువాత సంవత్సరానికి ఇన్ని అని వేళ్ళ మీద చెప్పవలసి వచ్చింది. ఇసుక తవ్వకాలు ఒక కారణం, అడ్డుకట్టలు ఒక కారణం, చెరువుల మురుగు ఒక కారణం. వాలుగ తరిగిపోతున్న జాతుల జాబితాలో చేరిందని తెలిసినవారు చెప్పినప్పుడు సీతారత్నం ఈ కారణాలన్నీ విన్నది. విని తన చేతుల వంక చూసుకుంది. జన ఉన్నదని చెప్పి అమ్మిన చేపలన్నీ ఆమె కళ్ళ ముందుకు వచ్చాయి. ఆనాటి నుంచి ఆమెకు స్థిమితం లేదు.

ఆ చేతులను వెతుక్కుంటూ వచ్చినది రమ్యశ్రీ. రాజోలు పిల్ల, చేపల చదువు చదివి పరిశోధన చేస్తున్నది. చిట్టిబాబు అనే కొబ్బరి రైతు కాలవ పక్కన చేపపిల్లల కేంద్రం పెట్టుకున్నాడు. ఆయన తొట్లలో వాలుగ చేత గుడ్లు పెట్టించాలని ఆమె రెండేళ్ళుగా పాటుపడుతున్నది. పోయిన ఏడు ఒక ఆడచేపకు సూది మందు వేస్తే గుడ్లు రాలేదు, చేప చచ్చిపోయింది. ఈ ఏడు వలవాళ్ళను బతిమాలి తెచ్చినవి రెండే: ఆరు కిలోల ఆడది ఒకటి, నాలుగు కిలోల మగది ఒకటి. గుడ్లలో కలిపే మగచేప వీర్యాన్ని అక్కడ పాలంటారు.

"జన పండకుండా మందేస్తే లోపలే బిగుసుకుని చేప పోద్దండీ పిన్నిగారూ," అని రమ్యశ్రీ మొదటిరోజే చెప్పింది. "ఆలస్యం చేస్తే జన కరిగిపోద్ది. మళ్ళీ ఏడాది దాకా ఉండదు. పండిందో లేదో తెలుసుకోవడమే అసలు పని."

"కోసి చూసేదాన్ని గానీ, కొయ్యకుండా పండిందో లేదో ఎప్పుడూ చెప్పలేదు అమ్మాయిగారూ."

"కొయ్యకముందే చెప్పేవారంట కదండీ బజార్లో."

"ఉందో లేదో చెప్పేదాన్ని. పండిందా అని ఎవరూ అడగలేదు. తినేవాడికి ఏదైనా ఒకటేనండి."

రమ్యశ్రీ తన పద్ధతి చూపించింది. లవంగనూనె కలిపిన నీటిలో చేపను మత్తుగా ఉంచి, సన్నని గొట్టంతో నాలుగు గుడ్లు బయటికి లాగి, మందు చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. సీతారత్నం ఒంటికన్నుతో వంగి చూసింది. ఆవగింజంత గుడ్డు అద్దంలా తేటబడి ఉంది. నట్టనడుమ ఒక చుక్క.

"ఆ చుక్క అంచుకు జరగాలండీ. జరిగితే పండినట్టు."

మధ్యలోనే ఉంది. పండలేదు. పైగా ఆ గొట్టం ఒరుసుకుని చేపకు లోపల చిన్న గాయమై రెండు రోజులు నీరసించింది. ఉన్నది ఒక్కటే ఆడచేప గనుక మళ్ళీ గొట్టం పెట్టకూడదని రమ్యశ్రీ నిశ్చయించుకుంది. ఇక మిగిలినది చేతి స్పర్శ ఒక్కటే. పరీక్షకు ముందు రెండు రోజులు మేత వేయకూడదు. తిండితో నిండిన కడుపూ జనతో నిండిన కడుపూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఈ మాట ఆమె సీతారత్నానికి మూడుసార్లు చెప్పింది. తొట్టి కడగడం, నీరు మార్చడం, మేత వేయడం సీతారత్నం పనులే.

పస్తు పెట్టిన రెండో రోజు సాయంకాలం సీతారత్నం నీరు మార్చడానికి తొట్టి దగ్గరికి వెళ్ళింది. చేప గోడ వెంట తిరుగుతున్నది. ఆమె ఏ పక్కకు నడిస్తే ఆ పక్కకు వచ్చి మూతి పైకెత్తి మీసాలు కదిలిస్తున్నది. ఆమె మొహం తిప్పుకుంది. చీపురు తీసుకుని అవతలి తొట్టి కడిగింది. తిరిగి చూస్తే చేప అక్కడే ఉంది. బాలురకూ వృద్ధులకూ రోగులకూ గర్భిణులకూ ఉపవాసం విధి కాదన్నారు ధర్మం తెలిసినవారు. ఆ మాట సీతారత్నం ఏ పురాణశ్రవణంలోనూ వినలేదు. కాలవగట్టు మీద రెండు రోజులు కూర్చున్నప్పుడు కడుపులోని బిడ్డ తన్నిన తన్నులలో విన్నది. ఆ నాటి నుంచి పేటలో ఏ చూలాలు ఆకలితో ఉన్నా ఆమె ఇంట అన్నం ఆగేది కాదు.

పక్క తొట్టిలో మేతకోసం ఉంచిన పరిగెలు, వేలెడంత చేపలు, మెరుస్తున్నాయి. రెండు దోసిళ్ళు తీసి వేసింది. వాలుగ ఒక్కటీ మిగల్చలేదు.

మరునాటి ఉదయం ఆమె వెళ్ళేసరికి రమ్యశ్రీ చేపను తడిగుడ్డలో పడుకోబెట్టి, కళ్ళ మీద గుడ్డ కప్పి, నడుము చుట్టూ టేపు పెట్టి చూస్తున్నది. చిట్టిబాబు గొడుగు చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

"మొన్నటి మీద రెండు వేళ్ళు పెరిగిందండీ," అన్నది రమ్యశ్రీ. ఆమె గొంతులో సంతోషం దాగలేదు. "మెత్తగా ఉంది. మగదానికి పాలు బాగా వస్తున్నాయి. మందు కలిపేసేను. పిన్నిగారూ, మీరూ ఒకసారి చెయ్యి వెయ్యండి."

సీతారత్నం వేళ్ళు తడుపుకుని తోక వైపు నుంచి నడిపింది. ముందు భాగంలో ఏదో కదులుతున్నది, సంచిలో వేసిన పరిగెలలాగా. దాని వెనక ఏముందో తెలియడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆమెకు చెప్పిన వేళ్ళు ఈ రోజు మూగబోయాయి. ఎందుకు మూగబోయాయో ఆమెకొక్కదానికే తెలుసు.

"ఇంకా అవ్వలేదనుకుంటానండి," అన్నది.

"అనుకోవడం ఏంటి సీతారత్నం?" అన్నాడు చిట్టిబాబు. "రెండు రోజులు పస్తున్న చేప రెండు వేళ్ళు లావెక్కింది. జన కాకపోతే గాలా? టేపు అబద్ధం చెప్పుద్దా?"

"టేపుకేం తెలుసండి."

"నీకేం తెలుసో అది చెప్పు మరి."

రమ్యశ్రీ సూది చేతిలో పట్టుకుని ఉంది. మందు నీరు గాజులో చిన్న వెలుగుగా కనిపిస్తున్నది. చెప్పకపోతే ఆ సూది దిగుతుంది. చెబితే ఈ తొట్ల దగ్గర తన చేతికి ఇక చోటుండదు. సీతారత్నం చేప మొప్ప వైపు చూసింది. అది మెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

"రాత్రికి ముందు పరిగెలు వేసేనండి దానికి. రెండు దోసిళ్ళు."

రమ్యశ్రీ సూదిని చేప మీద నుంచి వెనక్కి తీసుకుంది.

"మేత వద్దని చెప్పేరా లేదా అమ్మాయిగారు?" అన్నాడు చిట్టిబాబు.

"చెప్పేరండి. మూడుసార్లు చెప్పేరు."

"మరి?"

"కడుపుతో ఉన్నదాన్ని పస్తు పెట్టకూడదండి."

"అది మనిషనుకున్నావా?"

"కాదండి. మనిషైతే నోరు తెరిచి అడుగుద్ది."

చిట్టిబాబు గొడుగు నేలకు కొట్టాడు. "పండక్కొచ్చిన అల్లుడికి వడ్డించినట్టు వడ్డించేవు. రెండేళ్ళ కష్టం. ఇంటికెళ్ళిపో తల్లీ. నువ్వూ వద్దు, నీ చెయ్యీ వద్దు."

రమ్యశ్రీ సూదిని పళ్ళెంలో పెట్టింది. కలిపిన మందు ఇక పనికిరాదు. ఆమె తొట్టి గట్టు మీద కూర్చుంది. "చెప్పకపోతే వేసేద్దునండీ," అన్నది, ఎవరితోనో తెలియనట్టుగా.

సీతారత్నం ఇంటికి వచ్చింది గానీ ఇంట్లో నిలవలేదు. తోమిన గిన్నెలు మళ్ళీ తోమింది. ఆరిన బట్టలు మళ్ళీ తడిపి ఆరేసింది. లోవరాజు ఇప్పుడు నది మీదికి పోవడం మానేసి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. గునపం పక్కన పెట్టి, జరిగినదంతా విని, బీడీ వెలిగించుకున్నాడు.

"నలభై ఏళ్ళ నుంచి నాకు వేళకి టీ చుక్క పోసిన పాపాన పోలేదు. దానికి మాత్రం దోసిళ్ళతో పెట్టేవు."

"నువ్వు కడుపుతో ఉంటే నీకూ పెడుదును."

లోవరాజు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "మగదానికి పాలు తగ్గిపోతాయేమో మావా," అన్నది. "నా వల్ల తగ్గిపోతే?"

"చెప్పేవు కదా."

"చెప్పేను. ముందు అబద్ధం ఆడబోయేను."

లోవరాజు బీడీ ఆర్పి మళ్ళీ గునపం అందుకున్నాడు. ఆ పగలంతా, మరునాటి పగలంతా ఆమె కాలవగట్టు మీద అటూ ఇటూ నడిచింది. కేంద్రం గేటు కనిపించే దాకా వెళ్ళేది, తిరిగి వచ్చేది.

మూడో రోజు మధ్యాహ్నం రమ్యశ్రీ స్కూటీ వాకిట్లో ఆగింది.

"రండి పిన్నిగారూ. మేత అరిగి కడుపు తగ్గింది. నా చేతికి ఏమీ తెలియట్లేదు."

"బాబుగారు వద్దన్నారు కదండి."

"ఆయనతో నేను మాటాడేను."

గేటు దగ్గర చిట్టిబాబు ఉన్నాడు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు. సీతారత్నం తొట్టిలోకి దిగి నీటిలోనే చేప కింద చెయ్యి పెట్టింది. ఈసారి వేళ్ళు పలికాయి. ముందు భాగం వట్టి సంచిలా జారిపోయింది. వెనక భాగంలో, రెండు పక్కలా, జన ఉంది. నిండుగానే ఉంది. కానీ నొక్కితే నొక్కు పడడం లేదు.

"దోరజామకాయలా ఉందమ్మా. ఇంకా కరుకుంది."

"మొన్న వేసుంటే?"

సీతారత్నం చేపను మెల్లగా నీటిలోకి వదిలింది. చిట్టిబాబు ఆమె మొహం చూశాడు, తరువాత చేపను చూశాడు, గొడుగు తీసుకుని కొబ్బరితోటలోకి వెళ్ళిపోయాడు.

రమ్యశ్రీ నోటుపుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది.

"నేను మేత వేసిందీ రాసేరా అమ్మాయిగారూ?"

"రాయొద్దంటే రాయనండీ."

"రాయండి. రేపు ఇంకోళ్ళెవరో నాలాగే పెడతారు. చదువుకుంటారు."

ఆ తరువాత వారం గడవడం కష్టమైంది. మాటిమాటికీ తాకితే చేప బెదిరి జనను లోపలే కరిగించుకుంటుంది గనుక తాకకూడదు. చూస్తూ కూర్చోవలసిందే. ఒకరోజు మేత పెట్టారు, రమ్యశ్రీ దగ్గర నిలబడి లెక్కగా వేయించింది. ఆ తరువాత మళ్ళీ పస్తు. ఆ రెండు రోజులూ సీతారత్నం తొట్టి వైపు వీపు పెట్టి కూర్చుంది. మగచేప పాలు పలచబడుతున్నాయి. ఒక ఉదయం కాలవలో నీరు తేనెరంగుకు తిరిగింది, మధ్యాహ్నానికి ఇటుక రంగైంది. పైన ఎక్కడో అడవులలో కురిసిన వాన, ఎర్రనీరుగా గోదావరి దిగి వచ్చింది. వరద వచ్చిందని చేపకు తెలియాలని రమ్యశ్రీ ఆ నీటిని కొంచెం కొంచెంగా తొట్టిలోకి పెట్టించింది. చేప అంతవరకూ అడుగున పడి ఉన్నది కాస్తా పైకి వచ్చి ధారకు ఎదురీదింది.

తెల్లవారి ఆరు గంటలకు సీతారత్నం చెయ్యి తడుపుకుంది. తడిగుడ్డ మీద చేప కదలకుండా ఉంది. తోక వైపు నుంచి వేళ్ళు నడిచాయి. ఒకచోట ఆగాయి. ముగ్గిన సపోటాను తొడిమ దగ్గర పట్టుకున్నట్టుగా, వేలి కింద కడుపు లోపలికి ఒదిగి, వేలు తీస్తే మెల్లగా తిరిగి వచ్చింది. గుడ్లు దిగే ద్వారం ఎర్రబారి ఉబ్బి ఉంది.

"ఇప్పుడు," అన్నది.

"గొట్టం పెట్టి చూడాలనిపిస్తుందండీ," అన్నది రమ్యశ్రీ. "చూడకుండా వేస్తే... పోయినేడూ ఇలాగే..."

చిట్టిబాబు దూరం నుంచే అన్నాడు. "ఆలోచించి చెప్పు సీతారత్నం. నీ మాట మీద వేస్తున్నారు."

ఆమెకు ఆ క్షణాన ధైర్యమేమీ లేదు. తన వేళ్ళు చెప్పినదే తాను చెప్పగలదు. అవి ఒకసారి మూగబోయాయి, తాను పెట్టిన మేత వల్లనే మూగబోయాయి. ఈసారి కడుపులో మేత లేదని ఆమెకు తెలుసు. "వెయ్యండి," అన్నది.

మందు వేశాక పది పదకొండు గంటలు ఆగాలి. సీతారత్నం ఆ పగలు కూర్చోలేదు. తొట్టి చుట్టూ తిరిగింది. వద్దంటే గేటు దాకా వెళ్ళింది. లోవరాజు క్యారేజీలో అన్నం తెస్తే రమ్యశ్రీకి పెట్టించి తాను ముట్టలేదు.

"ఇప్పుడు నువ్వెందుకు పస్తు?" అన్నాడతను.

"ఏమో. దిగట్లేదు."

ప్రళయజలాలలో సమస్త బీజాలనూ నావకెక్కించి కాచిన స్వామి మత్స్యరూపం ఎందుకు ధరించాడో పెద్దలు పలువిధాల చెబుతారు. సీతారత్నం ఆ పూట ఆయనను అడిగినది చిన్న కోరిక. గుడ్లు రాకపోయినా సరే, చేపను మాత్రం ఉంచమన్నది. నాలుగు గంటలకు ఆ కోరికను కొంచెం పెంచింది. రెండూ కావాలన్నది.

అయిదు దాటాక, వెలుతురు కొబ్బరి మట్టల మధ్య నుంచి పక్కవాటుగా పడుతున్న వేళ, చేప తొట్టి మూలకు వచ్చి ఒళ్ళు వంచింది. రమ్యశ్రీ తల ఊపింది. ఇద్దరూ కలిసి పైకి తీశారు. సీతారత్నం బొటనవేలితో కడుపు మీద తల వైపు నుంచి తోక వైపుకు, బజారులో నడిపిన దారికి ఎదురుగా, ఒక్కసారి నిమిరింది. బలం పెట్టవలసిన పని లేకపోయింది. గుడ్లు పళ్ళెంలోకి ధారగా జారాయి, ఒకదాని మీద ఒకటి, ఆగకుండా. మగచేప పాలు తగ్గినా చాలినన్ని వచ్చాయి. రమ్యశ్రీ కోడి ఈకతో రెండింటినీ కలిపి నీరు పోసింది. చిట్టిబాబు పళ్ళెం మీదికి వంగి చూశాడు.

మరునాడు మధ్యాహ్నానికి గుడ్లలో దాదాపు సగం తెల్లబడి పాడైపోయాయి. మిగిలిన సగంలో తోకలు కదిలాయి. సూది మొనంత ప్రాణాలు, వెంట్రుకంత తోకలు. రమ్యశ్రీ లెక్క వేయబోయి ఆగి కళ్ళు తుడుచుకుంది. పెద్ద తొట్టిలో తల్లిచేప నీరసంగా, కానీ పక్కకు ఒరగకుండా ఈదుతున్నది.

చిట్టిబాబు చాలాసేపు రెండు తొట్లనూ మార్చి మార్చి చూశాడు. "దానికి ఇంక మేత పెట్టొచ్చా అమ్మాయీ?" అని అడిగాడు రమ్యశ్రీని.

"పెట్టొచ్చండీ. పెట్టాలి కూడా."

ఆయన సీతారత్నం వైపు తిరిగాడు. "ఆయ్, మరి నిలబడ్డావేంటి?"

ఆమె పరిగెల బుట్ట అందుకుంది. సగం గుడ్లు పాడైన దిగులు ఆమెను వదలలేదు. ఇంకొక్క రోజు ముందో వెనకో వేసి ఉంటే ఎక్కువ నిలిచేవేమోనని ఆ తరువాత చాలా రోజులు తలచుకుంటూనే ఉంది. ఈ తలపోత వల్లనే వచ్చే తొలకరికి ఆమె చెయ్యి మరింత తెలిసినదవుతుంది.

ఆ ఇల్లాలి వేళ్ళు నిజమే పలుకుగాక. లోవరాజుకు వేళకు టీ, ఒంటికి ఆరోగ్యం, కూతురు భవాని అత్తింట పాడీ పంటా సమకూరుగాక. ఆ గడపలోకి ఆకలితో వచ్చినవారెవ్వరూ ఆకలితో మరలకుందురుగాక. గౌతమి ప్రతి తొలకరికీ ఎర్రనీటితో వచ్చి ఆ కాలవగట్టును చల్లగా దీవించుగాక, ఆ ఇంటి ముత్తైదువ పసుపు కుంకుమలు నూరేళ్ళు నిలుచుగాక.